బాక్సు దిగింది సరే, ఎక్కడుంది?

రేవు, ఓడ, యార్డు, కస్టమ్స్ గేటు: వీటి మీద పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నది తూర్పు తీరంలోని ఓ కంటైనర్ టెర్మినల్‌లో యార్డ్ ప్లానర్‌గా పనిచేసి రిటైరైన ఉద్యోగి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల, కంటైనర్ ఆచూకీ.

ప్రశ్న: చైనా నుంచి ప్యాకింగ్ మెషిన్ విడిభాగాలు తెప్పించాను. షిప్పింగ్ లైన్ వెబ్‌సైట్‌లో కంటైనర్ నంబర్ కొడితే నాలుగు రోజులుగా ‘డిశ్చార్జ్‌డ్, విశాఖపట్నం’ అనే వస్తోంది. అందులో జీపీఎస్ ఉండదా సార్? క్లియరింగ్ ఏజెంట్‌ని అడిగితే ‘వచ్చేస్తుందండీ’ అంటాడు తప్ప ఇంకో మాట లేదు.
– చిన్న పరిశ్రమ యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మామూలు ఇనప బాక్సులో జీపీఎస్ ఉండదండీ. కొన్ని లైన్లు ఈమధ్యే మొదలుపెట్టాయి. హపాగ్-లాయిడ్ తన డ్రై (శీతల యంత్రం లేని మామూలు) కంటైనర్లన్నిటికీ ట్రాకర్లు బిగిస్తానని 2022లో ప్రకటించింది. అయినా లోకంలో తిరుగుతున్న బాక్సుల్లో ఎక్కువ వాటికి బ్యాటరీ లేదు, సిమ్ లేదు. ఉన్నా, నాలుగు వైపులా ఇనుము మధ్య ఇరుక్కున్న బాక్సు నుంచి సిగ్నల్ బయటికి రావడం అంత తేలిక కాదు.

మీకు సైట్‌లో కనిపించేది ఆఖరుసారి ఆ బాక్సు గురించి ఎవరో ఎక్కడో నమోదు చేసిన మాట. అది ఎలా నడుస్తుందో చెబుతాను. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే ‘బేప్లీ’ అనే ఫైలు టెర్మినల్‌కు వస్తుంది, ఏ బాక్సు ఓడలో ఏ గడిలో ఉందో అందులో ఉంటుంది. క్రేన్ బాక్సును ఒడ్డున దించగానే కింద నిలబడ్డ టాలీ క్లర్కు చేతి మెషిన్‌లో నంబర్ కొడతాడు, లేదా క్రేన్ కాళ్లకు బిగించిన కెమెరాలు చదువుతాయి. ఆ వెంటనే టెర్మినల్ కంప్యూటర్ షిప్పింగ్ లైన్‌కు ‘కోఆరి’ అనే సందేశం పంపుతుంది. మీ తెర మీది ‘డిశ్చార్జ్‌డ్’ అదే. బాక్సు గేటు దాటితే ‘కోడెకో’ అనే ఇంకో సందేశం వెళుతుంది, అది ‘గేట్ అవుట్’. ఈ రెండింటి మధ్య బాక్సు యార్డులో పదిసార్లు చోటు మారినా లైన్‌కు ఎవరూ కబురు పంపరు. లైన్‌కు దానితో పనీ లేదు.

అందుకని కదలడం లేదని కంగారు పడకండి. మీ బాక్సు గేటు దాటి ఏదో సీఎఫ్ఎస్‌కు, అంటే రేవు బయట కస్టమ్స్ పనులు జరిగే గోదాముకు, వెళ్లిపోయి ఉండొచ్చు కూడా. కోడెకో ఆలస్యమైతే సైట్‌లో పాతదే నిలబడిపోతుంది. లైన్ సైట్‌ను పక్కనబెట్టి టెర్మినల్ వాళ్ల సొంత సైట్‌లో అదే నంబర్ కొట్టండి. చాలా టెర్మినళ్లు ఈ సదుపాయం ఇస్తున్నాయి, అక్కడి సమాచారం తాజాగా ఉంటుంది.

మీ ఏజెంట్‌ని మాత్రం ‘ఎప్పుడొస్తుంది’ అని అడగొద్దు, దానికి జవాబు ‘వచ్చేస్తుంది’ అనే ఉంటుంది. మూడు ముక్కలు అడగండి. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, వేశారా, కస్టమ్స్ అవుట్ ఆఫ్ ఛార్జ్, అంటే సరుకు విడుదల అనుమతి, ఇచ్చిందా, లైన్ నుంచి డెలివరీ ఆర్డర్, అంటే బాక్సు అప్పగించమన్న కాగితం, తీసుకున్నారా. నాలుగు రోజులు బాక్సు కదలలేదంటే నాకు తెలిసినంతలో నూటికి తొంభైసార్లు ఆగింది బాక్సు కాదు, కాగితం. ఫ్రీ డేస్, అంటే అద్దె పడని రోజులు, ఎప్పటితో అయిపోతాయో కూడా రాయించి పెట్టుకోండి. ఆ తర్వాత లైన్ అద్దె వేరు, యార్డు అద్దె వేరు, రెండూ కలిసి నడుస్తాయి.

ప్రశ్న: కంటైనర్ నంబర్‌లో ఆఖరి అంకెకు చుట్టూ డబ్బా గీసి ఉంటుంది. హైవే మీద లారీల వెనక చూస్తుంటాను. అది లెక్క కట్టి వేస్తారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఎలా కడతారు?
– లెక్కల టీచరు, పార్వతీపురం

జవాబు: నిజమేనమ్మా, మీకు నచ్చే లెక్కే. నంబర్‌లో మొదట నాలుగు అక్షరాలు ఉంటాయి. మూడు సొంతదారువి, నాలుగోది సాధారణంగా ‘యూ’. ఈ సొంతదారు కోడ్‌లను పారిస్‌లోని బీఐసీ అనే సంస్థ నమోదు చేస్తుంది, 1933 నుంచీ ఉన్న సంస్థ. తర్వాత ఆరు అంకెల వరస సంఖ్య. చివర ఆ డబ్బాలో అంకె.

శిక్షణ తరగతుల్లో అందరూ వాడే ఉదాహరణ సీఎస్‌క్యూయూ 305438, చివర 3. అక్షరాలకు విలువలున్నాయి. ఏ అంటే 10, బీ అంటే 12, సీ 13, అలా జెడ్ 38 దాకా. 11, 22, 33 మాత్రం వదిలేస్తారు, ఎందుకంటే లెక్క 11తో భాగించడం మీదే నడుస్తుంది. ఈ లెక్కన సీ 13, ఎస్ 30, క్యూ 28, యూ 32. మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, అలా రెట్టింపు చేసుకుంటూ పదోదాన్ని 512తో గుణించి అన్నీ కూడితే 6185 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 3. అదే డబ్బాలో అంకె. శేషం 10 వస్తే 0 వేస్తారు.

ఇప్పుడు నిద్రమత్తులో ఉన్న క్లర్కు 305438 బదులు 304538 కొట్టాడనుకోండి. మొత్తం 6249 అవుతుంది, శేషం 1. డబ్బాలో 3 ఉంది కాబట్టి కంప్యూటర్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది. కెమెరాలు చదివే చోట ఇది ఇంకా అవసరం. తుప్పు పట్టి, సొట్టపడ్డ తలుపు మీద 3 ఏదో 8 ఏదో మనిషికే తెలియదు, కెమెరాకేం తెలుస్తుంది! పదో తరగతి పిల్లలకు ఇవ్వండి ఈ లెక్క, రోడ్డు మీదకెళ్లి సరిచూసుకుని వస్తారు.

ప్రశ్న: లాజిస్టిక్స్ చదువుతున్నాను. పోర్ట్ విజిట్‌కు తీసుకెళ్లారు. వేల కంటైనర్లు, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకేలా ఉన్నాయి. లారీ వచ్చిన పావుగంటలో సరిగ్గా దాని బాక్సే దింపి ఇచ్చారు. ఎలా సార్? తప్పిపోవడం ఉండదా?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: తప్పిపోకుండా ఎందుకుంటుంది బాబూ! దాని మీదే కదా మా ఉద్యోగాలు నడిచింది.

యార్డులో ప్రతి బాక్సుకూ ఒక చిరునామా ఉంటుంది: బ్లాక్, బే, రో, టయర్. ‘సీ 17 04 3’ అంటే సీ బ్లాకులో పొడవు వెంట 17వ బే, అడ్డంగా నాలుగో వరస, నేల నుంచి మూడో ఎత్తు. ఇరవై అడుగుల బాక్సుల బేలకు బేసి సంఖ్యలు ఇస్తారు. నలభై అడుగులది రెండు బేలు ఆక్రమిస్తుంది కనుక 17, 19 మీద కూర్చున్నదాన్ని 18 అంటారు. సరి సంఖ్య వినబడితే నలభై అడుగులదని చూడకుండానే తెలిసిపోతుంది. బ్లాకు మీద ఆర్‌టీజీ, అంటే రబ్బరు టైర్ల క్రేన్, నడుస్తుంది. చాలాచోట్ల దాని కాళ్ల మధ్య ఆరు వరసలూ, పక్కన లారీకి ఒక దారీ పడతాయి.

ఆర్‌టీజీ ఆపరేటర్ ముందు ఒక తెర ఉంటుంది. ‘ఫలానా బాక్సు, ఇక్కడి నుంచి తీసి ఫలానా లారీ మీద పెట్టు’ అని అందులో వస్తుంది. పంపేది టెర్మినల్ ఆపరేటింగ్ సిస్టమ్. నేవిస్ వాళ్ల ‘ఎన్4’ పేరు నువ్వు క్లాసులో వినే ఉంటావు. ఒకప్పుడు బాక్సు పెట్టాక ఆపరేటరే బటన్ నొక్కి ‘పెట్టాను’ అని చెప్పేవాడు. ఇప్పుడు మంచి టెర్మినళ్లలో క్రేనే చెబుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. బాక్సు వెడల్పు ఎనిమిది అడుగులు, సుమారు 2.44 మీటర్లు. మామూలు ఫోన్ జీపీఎస్ తప్పితే అంతకంటే ఎక్కువే తప్పుతుంది, అంటే పక్క వరస చూపిస్తుంది. అందుకని స్థిరమైన ఒక స్టేషన్ నుంచి దిద్దుబాటు సిగ్నల్ తీసుకునే డిఫరెన్షియల్ జీపీఎస్ వాడతారు. యాంటెన్నా క్రేన్ నెత్తిన ఉంటుంది, దానికి ఆకాశం అడ్డం లేదు. ఎత్తు సంగతి జీపీఎస్‌ను అడగరు. తాడు ఎంత దిగిందో కొలిచే పరికరం చెబుతుంది. బాక్సును పట్టుకున్న ట్విస్ట్‌లాక్ అనే గొళ్లెం విడిన క్షణాన ఈ మూడు కొలతలూ కలిపి చిరునామా రాసేస్తుంది.

ఇక తప్పిపోవడం. ‘సిస్టమ్‌లో ఉంది, నేల మీద లేదు’ అని రాత్రి షిఫ్ట్‌లో వాకీటాకీలో వినిపిస్తే మా గుండె జారేది. కానీ వెతకడానికో పద్ధతి ఉంది, యార్డంతా తిరగక్కర్లేదు. మొదట చూడాల్సింది దాని జతగాడిని. ఒకే ట్రైలర్ మీద రెండు ఇరవై అడుగుల బాక్సులు ముందూ వెనకా కూర్చుని వచ్చి ఉంటే, ముందుది అనుకుని వెనకది ఎత్తి ఉంటారు. ఆ రెండో బాక్సు చిరునామాకు వెళితే మనది అక్కడ కూర్చుని ఉంటుంది. అక్కడ లేకపోతే పక్క వరస, తర్వాత పక్క బే. అప్పటికీ దొరక్కపోతే ఆ గంటలో ఆ క్రేన్ చేసిన పనుల జాబితా తీసి, దానికి ముందూ వెనకా కదిలిన బాక్సులన్నిటి నంబర్లూ కళ్లతో చూడాలి. ఇక్కడ తలుపులు ఎటు తిరిగి ఉన్నాయో తెలియదు గనుక నంబర్ రెండు కొసల్లోనూ, రెండు పక్కలా, కప్పు మీద కూడా రాసి ఉంటుంది. క్రేన్ క్యాబిన్ నుంచి కిందికి చూసేవాడికి ఆ కప్పు మీది నంబరే దిక్కు.

నిన్ను ఆశ్చర్యపరిచిన పావుగంట వెనక ఇంకో కష్టం ఉంది. కావలసిన బాక్సు ఎప్పుడూ అడుగునే ఉంటుంది, బీరువాలో కట్టుకోవాలనుకున్న చీరలాగా. పైన మూడుంటే మూడూ తీసి పక్కన పెట్టాలి, ఆ మూడింటికీ కొత్త చిరునామాలు. దీన్నే షఫ్లింగ్ అంటాం, ఒక్క రూపాయి తెచ్చిపెట్టని పని. ఎగుమతి బాక్సుల్లో తెలివిగా పేర్చవచ్చు. ఏ ఓడ, ఏ రేవు, ఎంత బరువు అన్నది ముందే తెలుసు. బరువైనవి ఓడలో అడుక్కి వెళ్లాలి, అంటే ముందు ఎక్కాలి. కాబట్టి యార్డులో బరువైనవి పైన ఉంటే మేలు! కొత్తవాళ్లు ఇది వినగానే తెల్లమొహం వేస్తారు. 2016 జూలై నుంచి ప్రతి ఎగుమతి బాక్సుకూ తూచిన బరువు ముందే ఇవ్వాలన్న అంతర్జాతీయ నిబంధన వచ్చాక ఈ పేర్పు కొంత నమ్మకంగా నడుస్తోంది. దిగుమతివాటితోనే గొడవ. ఎవరి లారీ ముందొస్తుందో దేవుడికి తెలియాలి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఖాళీ బాక్సుల స్టాకులు గాలికి కూలకుండా ఎత్తు తగ్గిస్తారు, ఆ పూట వాటి చిరునామాలన్నీ మారిపోతాయి.

ఈ చిరునామాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అది పోతే? 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే సైబర్ దాడిలో మేర్స్క్ అనే పెద్ద షిప్పింగ్ సంస్థ కంప్యూటర్లు ప్రపంచమంతటా కూలిపోయాయి. ముంబై దగ్గరి మన నవషేవా రేవులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా దెబ్బతింది. క్రేన్లు బాగానే ఉన్నాయి, బాక్సులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏది ఎవరిదో చెప్పేవాడే లేడు. నీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం దొరకదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి వాళ్లు తిరిగి వచ్చేస్తున్నారు. ఇంటి సామాను కంటైనర్‌లో వేశారు. నవషేవా వచ్చి అక్కడి నుంచి హైదరాబాద్ వస్తుందట. రేవు దాటాక ఎక్కడుందో చూసుకునే దారి ఉందా?
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఉందమ్మా. లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ (ఎల్‌డీబీ) అని కేంద్ర ప్రభుత్వ సంస్థా, జపాన్ ఎన్ఈసీ కంపెనీ కలిసి నడిపే సేవ. 2016లో మొదలైంది నవషేవాలోనే. బాక్సు రేవు దాటేటప్పుడు తలుపుకి ఒక ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్, అంటే రేడియోతో దూరం నుంచి చదవగల బిళ్ల, తగిలిస్తారు. రేవు గేట్లు, టోల్ ప్లాజాలు, సీఎఫ్ఎస్‌లు, ఇన్‌ల్యాండ్ డిపోల దగ్గర రీడర్లుంటాయి. ట్యాగ్ వాటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నమోదవుతుంది. ఎల్‌డీబీ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఏ టోల్ ఎప్పుడు దాటిందో కనిపిస్తుంది. రెండు రీడర్ల మధ్య ఎక్కడుందో మాత్రం చెప్పదు. కాబట్టి ఒక పూట ఏమీ మారకపోతే అల్లుడిగారికి ఫోన్ చేయకండి.

ముందు ఒకటి కనుక్కోండి. కంటైనర్ మొత్తం మీదేనా, లేక పదిమంది సామానుతో కలిపి వేశారా? కలిపి వేస్తే మీ చేతిలో ఉండేది ప్యాకర్ ఇచ్చిన సొంత బిల్ నంబర్. దాన్ని లైన్ సైట్‌లోనో ఎల్‌డీబీలోనో కొట్టినా ఏమీ రాదు. కంటైనర్ నంబర్ అడిగి తీసుకోండి, అది ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. బాక్సు తెరిచి సామాను విడదీశాక ఆ నంబర్‌కూ మీ పెట్టెలకూ సంబంధం తెగిపోతుంది, అక్కడి నుంచి గోదాము వాళ్ల రసీదే ఆధారం.

ప్రశ్న: రొయ్యలు ప్రాసెసింగ్ ప్లాంట్ నుంచి రీఫర్ (శీతల) కంటైనర్‌లో రేవుకు పంపుతాం. ఓడ ఆలస్యమైతే రోజుల తరబడి యార్డులో ఉంటుంది. అక్కడ చలి ఉందో లేదో ఎవరు చూస్తారు?
– ఎగుమతి యూనిట్ మేనేజర్, భీమవరం

జవాబు: యార్డులో రీఫర్లకు ప్లగ్ పాయింట్లున్న బ్లాకులు వేరే ఉంటాయి. పెట్టగానే ప్లగ్ చేస్తారు, షిఫ్ట్‌లో ఇన్నిసార్లని మనుషులు తిరిగి తెర మీది అంకె రాసుకుంటారు. మైనస్ 18 పెట్టమన్న బాక్సులో సప్లై గాలి ఎంత, తిరిగి వచ్చే గాలి ఎంత, రెండూ రాయాలి. ఒక్కటే రాసిన షీటును నేను నమ్మేవాణ్ణి కాదు.

ట్రాకింగ్‌లో రాజయోగం రీఫర్లదే. యంత్రానికి ఎలాగూ కరెంటు ఉంటుంది కాబట్టి దానికే మోడెమ్, జీపీఎస్ తగిలించారు. మేర్స్క్ తన రీఫర్ల సమాచారాన్ని 2017లో ఖాతాదార్లకు తెరిచింది. బాక్సు ఎక్కడుంది, చలి ఎంత, ప్లగ్ ఎప్పుడు పీకారు, అన్నీ కనిపిస్తాయి. మీ లైన్ ఇలాంటి సేవ ఇస్తుందేమో అడగండి. ఇవ్వకపోయినా యంత్రంలోని లాగర్ అనే నమోదు పరికరం అంతా దాచుకుంటుంది. తేడా వస్తే ఆ డేటా డౌన్‌లోడ్ చేయించి కాపీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ట్రైలర్ మీద కదిలే కాసేపు కరెంటు లేకపోతే గడ్డకట్టిన రొయ్యకు ఏమీ కాదు. మీ ప్లాంటు నుంచి రేవు దాకా జెన్‌సెట్, అంటే బాక్సుకు కరెంటిచ్చే జనరేటర్, నడిచిందా, డ్రైవర్ డీజిల్ మిగుల్చుకోవడానికి ఆపాడా అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు కూడా ఆ లాగర్‌లోనే ఉంటుంది.

ప్రశ్న: బాక్సు ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుసు అంటున్నారు. మరి దొంగలకు తెలియదా?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: తెలుసుకున్నారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో. దక్షిణ అమెరికా నుంచి వచ్చే కలప, అరటి బాక్సుల్లో కొకైన్ దాచి పంపేవాళ్లు హ్యాకర్లను పెట్టుకుని 2011 నుంచి రేవులోని కంపెనీల కంప్యూటర్లలో దూరారు. బాక్సు ఎక్కడ ఉందో, విడుదల వివరాలేమిటో చూసుకుని, అసలు సొంతదారు లారీ రాకముందే తమ డ్రైవర్‌ని పంపి పట్టుకుపోయేవారు. కంపెనీలు మేల్కొని ఫైర్‌వాల్ పెడితే, ఆఫీసులోనే దూరి కీబోర్డు నొక్కుళ్లు దొంగిలించే పరికరాలు బిగించారు. బాక్సులకు బాక్సులే మాయమవుతుంటే అనుమానం వచ్చింది. 2013లో విషయం లోకానికి తెలిసింది.

మన దగ్గర ఎగుమతిదారు సొంతంగా వేసే సీలుకు ఆర్ఎఫ్ఐడీ ఉండాలని కస్టమ్స్ 2017లో నియమం తెచ్చింది. గేటు దగ్గర రీడర్ పెడితే సీలు తెగిందా లేదా తెలిసిపోతుంది. కొందరు సరుకు ఎక్కించిన సంబరంలో కంటైనర్ నంబర్, సీలు నంబర్ కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడుతున్నారు. ఆ సరదా డెలివరీ అయ్యాక తీర్చుకోండి.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా ఓడలు ఆగి ఉంటాయి. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే పేరు కూడా వస్తోంది. అందులో ఏ కంటైనర్లున్నాయో కూడా తెలుస్తుందా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: తెలియదండీ. యాప్‌లో కనిపించేది ఏఐఎస్ అనే రేడియో సంకేతం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు దాటిన ఓడలన్నీ దాన్ని ప్రసారం చేయాలి. ఓడ పేరు, చోటు, వేగం, రకం వస్తాయి, లోపలి సరుకు రాదు. అన్నట్టు, మీకు కనిపించేవాటిలో చాలావరకు బొగ్గూ ఖనిజమూ మోసే ఓడలే అయి ఉంటాయి.

కంటైనర్ ఓడే అయితే లోపల ప్రతి బాక్సుకూ ఆరు అంకెల గడి ఉంటుంది. 180482 అంటే 18వ బే, సరి సంఖ్య గనుక నలభై అడుగులది. 04 వరస, సరి కాబట్టి ఎడమవైపు. 82 అంటే డెక్ మీద మొదటి ఎత్తు. డెక్ కింద అయితే 02 నుంచి లెక్క మొదలవుతుంది. ఈ వివరం ఓడకూ టెర్మినల్‌కూ లైన్‌కూ తప్ప బయటికి రాదు.

యాప్‌లో ‘గమ్యం’ అన్న గడిని మరీ నమ్మకండి. దాన్ని ఓడ సిబ్బంది చేత్తో టైప్ చేస్తారు. మార్చడం మరిచిపోతే, మీ కళ్ల ముందు లంగరేసి ఉన్న ఓడ ఇంకా సింగపూర్‌కు వెళుతూనే ఉంటుంది.